నల్లా నుంచి గ్లాసు దాకా

(స్వర్ణోత్సవ సభలో రెండో రోజు ఉదయం చేసిన ప్రసంగ పాఠం)

  మా 1975 పదో తరగతి బ్యాచ్ వాళ్ళు వెనక వరసలో కూర్చుని అప్పుడే ముచ్చట్లు మొదలుపెట్టారు. యాభై ఏండ్ల కింద కూడా అక్కడే కూర్చునేవాళ్ళు. వాళ్ళకు ప్రత్యేకంగా నమస్కారం.

కార్యదర్శి గారు నన్ను "నీకిష్టమైన విషయం మీద ఇరవై నిమిషాలు మాట్లాడు" అన్నారు. నాకు తెలిసిన విషయం ఒక్కటే. ముప్పై మూడేండ్లు నీటి పరీక్షల ల్యాబులో పనిచేశాను. సీసాలు కడగడంతో మొదలుపెట్టి, సంతకాలు పెట్టడంతో రిటైర్ అయ్యాను. అందుకని ఇంట్లో తాగే నీళ్ళ గురించి చెబుతాను. నిన్నటి నుంచి చాలామంది నన్ను పక్కకు పిలిచి అడుగుతున్నది కూడా అదే. "అన్నా, ఏ మిషిన్ కొనమంటవ్?" అని. ఆ ప్రశ్నకు జవాబు చివరికి వస్తుంది. ముందే చెబితే మీరు భోజనాలకు లేచిపోతారు.

ఆఫీసు రూములో మా బ్యాచ్ గ్రూపు ఫోటో ఉంది, నిన్న చూశారా? నలభై ఒక్క మందిమి ఉన్నాం. అందులో పళ్ళు కనబడేట్టు నవ్వినవాళ్ళు ముగ్గురు. ఆ ముగ్గురూ బయట నుంచి బదిలీ మీద వచ్చిన ఉద్యోగుల పిల్లలు. మిగతా వాళ్ళమంతా పెదవులు బిగబట్టి ఉన్నాం. ఫోటోగ్రాఫరు "నవ్వండి నవ్వండి" అని ఎంత మొత్తుకున్నా నవ్వలేదు. భయం వల్ల కాదు. మా పళ్ళ మీద గోధుమరంగు చారలు. నల్లగొండ జిల్లాలో పుట్టినవాళ్ళకు దీని గురించి విడమరిచి చెప్పనక్కరలేదు గాని, ఇక్కడ అల్లుళ్ళు, కోడళ్ళు, మనుమలు కూడా ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. అది ఫ్లోరైడు. పళ్ళు లోపల తయారయ్యే వయసులో, అంటే దాదాపు ఎనిమిదేండ్ల లోపు, ఫ్లోరైడు ఎక్కువున్న నీళ్ళు తాగితే ఆ మచ్చ పడుతుంది. తర్వాత ఎంత తోమినా పోదు. ఇంకా ఏండ్ల తరబడి తాగితే ఎముకల్లో చేరుతుంది. మెడ తిరగదు, నడుం వంగదు, మోకాళ్ళు వంకర పోతాయి. మన దేశంలో ఈ జబ్బును మొదట గుర్తించి 1937లో రాసింది అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల గురించి. పొదిలి, దర్శి ప్రాంతం. తర్వాత అది ప్రకాశం జిల్లాలోకి వెళ్ళింది. అంటే మన తెలుగు నేల మీదనే.

మా చెల్లెకు పెండ్లి చూపులప్పుడు మా అమ్మ "నవ్వకు బిడ్డా" అని చెప్పి పంపింది. అది నవ్వలేదు. పెండ్లి అయింది. పెండ్లయ్యాక కూడా చాలా ఏండ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. నేను బీఎస్సీ అయ్యాక బ్యాంకు పరీక్షలు రాయకుండా నీళ్ళ ల్యాబులో చేరడానికి అదొక కారణం. రెండో కారణం మన సైన్సు సారు.

సారు పేరు చెప్పనక్కరలేదు, అందరికీ తెలుసు. తొమ్మిదో తరగతిలో ఒకనాడు బడి బోరింగు నీళ్ళు ఒక గాజు పళ్ళెంలో పోసి, స్టవ్ మీద నీళ్ళన్నీ ఇగిరిపోయేదాకా కాచారు. అడుగున తెల్లటి పొడి మిగిలింది. "నీళ్ళు పోయినయి. ఇదెందుకు పోలేదురా?" అని అడిగారు. ఎవ్వరం చెప్పలేదు. సారు కూడా చెప్పలేదు. రేపు చెప్పండి అని గంట కొట్టగానే వెళ్ళిపోయారు. నేను ల్యాబులో పనిచేసిన ముప్పై మూడేండ్లు ఆ ప్రశ్నకు జవాబు చెబుతూనే ఉన్నాను. ఎందుకంటే మన ఇళ్ళలో నీళ్ళ విషయంలో జరిగే పొరపాట్లలో సగం అక్కడే ఉన్నాయి.

నీళ్ళలో మనకు పనికిరానివి మూడు రకాలుగా ఉంటాయి. కంటికి కనబడే మట్టి, మురికి ఒకటి. కంటికి కనబడని జీవులు, అంటే బ్యాక్టీరియా, వైరస్, అమీబా వంటివి రెండోది. నీళ్ళలో కరిగిపోయి, రంగు రుచి లేకుండా కూర్చున్న లవణాలు మూడోది. ఫ్లోరైడు, నైట్రేటు ఈ మూడో రకం. ఈ మూడింటికీ మందులు వేరు. కాయడం రెండో రకానికి మందు, మూడో రకానికి కాదు. వడగట్టడం మొదటి రకానికి మందు. జ్వరం మాత్ర వేసుకుని విరిగిన చెయ్యి అతుక్కోలేదని డాక్టరును తిడితే ఎట్లా? కాని నీళ్ళ విషయంలో మనం రోజూ చేసేది అదే. "మేము కాచి చల్లార్చిన నీళ్ళే తాగుతాం సార్, అయినా పిల్లకు పళ్ళు ఎర్రగ వచ్చినయి" అని ఎంతమంది తల్లులు నాతో అన్నారో. అమ్మా, కాస్తే ఫ్లోరైడు పోదు. నీళ్ళు కొంత ఆవిరైపోతాయి కాబట్టి మిగిలిన నీళ్ళలో ఇంకాస్త చిక్కబడుతుంది. సారు గాజు పళ్ళెంలో చూపించింది అదే.

మరి ఫ్లోరైడుకు ఏం చేశారు అంటే, ఒక పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారు. నాగపూరులోని నీరీ సంస్థ వాళ్ళు 1970లలో తయారు చేసింది, నల్లగొండ టెక్నిక్ అంటారు. నీళ్ళలో సున్నం, పటిక, బ్లీచింగు పౌడరు కొలత ప్రకారం కలిపి, బాగా తిప్పి, కదపకుండా ఉంచితే పటిక తెట్టెలు కట్టి ఫ్లోరైడును పట్టుకుని అడుక్కు దిగుతుంది. పైన తేరిన నీళ్ళు వంచుకుని వడగట్టుకోవాలి. ప్రపంచంలో చాలా దేశాల పుస్తకాల్లో ఈ పేరు ఉంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఊర్లలో నలభై లీటర్ల బకెట్టు పెట్టి ఇది చేసి చూపించేవాళ్ళం. ఆడవాళ్ళు శ్రద్ధగా చూసేవాళ్ళు. అంతా అయ్యాక ఒక ముసలమ్మ అడిగింది: "అయ్యా, మూడు మైళ్ళు పోయి మంచి బాయి నుంచి రెండు బిందెలు తెస్త. ఇది రోజూ కలిపి, తిప్పి, వంచి, అడుగున బురద పారబోసి... ఎవరు జేస్తరు? నువ్వొస్తవా?" ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. పద్ధతి తప్పు కాదు. ప్రతి ఊరి నీళ్ళకు పటిక మోతాదు వేరు, ఎక్కువైతే ఒక చిక్కు, తక్కువైతే ఇంకో చిక్కు, పొలం పనికి పోయే మనిషికి అది రోజూ కుదిరే పని కాదు. మన ప్రాంతాన్ని చివరికి ఆదుకున్నది బకెట్టు కాదు, పైపుల్లో వచ్చిన కృష్ణ నీళ్ళు. ఇప్పుడు మిషన్ భగీరథ నల్లా ఉన్న ఇంటికి నేను చెప్పే మొదటి మాట ఇదే: ఆ నల్లా నీళ్ళు వదిలేసి, "బోరు నీళ్ళు తియ్యగ ఉంటయి" అని బోరు నీళ్ళు తాగకండి. తీపి నాలుకకు తెలుస్తుంది. ఫ్లోరైడు నాలుకకు తెలియదు.

ఇప్పుడు మిషిన్ల సంగతి. ఇక్కడ కొంచెం ఆగి చెబుతాను, ఎందుకంటే ఇందులో నాకు కోపం ఉంది.

నాలుగైదేండ్ల కింద మా బావమరిది ఇంట్లో ఉన్నప్పుడు ఒక అబ్బాయి ఆర్వో మిషిన్ అమ్మడానికి వచ్చాడు. టై కట్టుకున్నాడు, పాపం మంచివాడే. రెండు గ్లాసులు పెట్టాడు. ఒకదాంట్లో వాళ్ళ మిషిన్ నీళ్ళు, ఒకదాంట్లో మా నల్లా నీళ్ళు. రెండు గ్లాసుల్లో లోహపు కడ్డీలు ముంచి కరెంటు పెట్టాడు. రెండు నిమిషాల్లో నల్లా నీళ్ళ గ్లాసు తుప్పు రంగు తిరిగి, పైన నురగ కట్టి, చూడటానికే అసహ్యంగా తయారైంది. వాళ్ళ గ్లాసు నీళ్ళు తెల్లగా ఉన్నాయి. "మీరు రోజూ తాగేది ఈ విషం ఆంటీ" అన్నాడు. మా చెల్లెమ్మ అప్పటికే పర్సు తీసింది. నేను వంటింట్లోకి వెళ్ళి చిటికెడు ఉప్పు తెచ్చి వాళ్ళ గ్లాసులో వేసి, మళ్ళీ కరెంటు పెట్టు నాయనా అన్నాను. అది కూడా తుప్పు రంగు తిరిగింది. తిరగక ఏం చేస్తుంది? ఆ రంగు నీళ్ళలోంచి రాలేదు, ఇనుప కడ్డీ కరిగి వచ్చింది. లవణాలున్న నీళ్ళలో కరెంటు పారుతుంది, కడ్డీ కరుగుతుంది. లవణాలు దాదాపు లేని నీళ్ళలో పారదు, కరగదు. పదో తరగతి పాఠం, విద్యుద్విశ్లేషణ. ఆ అబ్బాయి నిజంగానే ఆశ్చర్యపోయాడు, అతనికి కూడా తెలియదు. కంపెనీ నేర్పింది, చేశాడు.

అట్లాగే జేబులో పెన్నులాంటి టీడీఎస్ మీటరు. అది చెప్పేది ఒక్కటే, నీళ్ళలో మొత్తం ఎన్ని లవణాలు కరిగి ఉన్నాయో ఒక అంచనా. ఏ లవణాలో చెప్పదు. క్రిముల సంగతి అసలే చెప్పదు. 150 టీడీఎస్ ఉన్న నీళ్ళలో కలరా క్రిమి ఉండవచ్చు. 600 ఉన్న నీళ్ళు తాగి నూరేండ్లు బతికినవాళ్ళు ఉండవచ్చు. మన భారత ప్రమాణం ఐ.ఎస్. 10500 ప్రకారం 500 మిల్లీగ్రాముల దాకా మంచిది, వేరే దిక్కులేని చోట 2,000 దాకా ఒప్పుకోవచ్చు. ఫ్లోరైడయితే లీటరుకు 1 మిల్లీగ్రాము, దిక్కులేకపోతే ఒకటిన్నర. దీన్ని బట్టి చూడండి. కృష్ణ, గోదావరి నీళ్ళు శుద్ధి చేసి ఇచ్చే నల్లాకు మామూలుగా ఆర్వో అవసరం ఉండదు. పైగా అది ఒక లీటరు మంచినీళ్ళు ఇవ్వడానికి రెండు మూడు లీటర్లు మోరీలోకి వదులుతుంది. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ కూడా 500 లోపు టీడీఎస్ ఉన్నచోట ఆర్వో వాడకాన్ని కట్టడి చేయమని చెప్పింది. ఫ్లోరైడున్న బోరు నీళ్ళే గతి అయితే మాత్రం ఆర్వో పెట్టుకోండి, అక్కడ దాని పని ఉంది. ఒక్క జాగ్రత్త. కొన్ని మిషిన్లలో రుచి కోసం కొంత మామూలు నీళ్ళు తిరిగి కలిపే మర ఉంటుంది, టీడీఎస్ కంట్రోలరు అంటారు. బోరులో ఫ్లోరైడు ఉంటే ఆ మర దాన్ని కూడా తిరిగి కలుపుతుంది. బాగుచేసే అబ్బాయిని దాన్ని పూర్తిగా మూసేయమనండి. వదిలే నీళ్ళు పారబోయకుండా బకెట్టులో పట్టి ఇల్లు తుడవడానికి వాడుకోండి.

ఇంతసేపు చెప్పింది చదువుకున్న విషయం. ఇప్పుడు చెప్పేది నేను చేసిన తప్పు. ఇది ఇంతకు ముందు బయట ఎక్కడా చెప్పలేదు.

2006లో నేను జిల్లా ల్యాబులో ఉన్నాను. రోజుకు ఇరవై ముప్పై సీసాలు వచ్చేవి. మా పెద్దమ్మాయి ఐదో నెలలో పుట్టింటికి వచ్చింది, జూన్ నెల. ఆగస్టులో, ఏడో నెల పడేసరికి అన్నం సహించడం లేదంది. వేవిళ్ళు ఇంకా తగ్గలేదేమో అనుకుంది మా ఆవిడ. రెండు రోజులకు కండ్లు పచ్చబడ్డాయి. ఆసుపత్రిలో పరీక్ష చేసి హెపటైటిస్ ఈ అన్నారు. ఇది నీళ్ళ ద్వారా వచ్చే కామెర్లు. మామూలు మనుషులకు చాలామందికి దానంతటదే తగ్గిపోతుంది. గర్భిణులకు చివరి మూడు నెలల్లో వస్తే నూటికి ఇరవై, ఇరవై ఐదు మంది దాకా ప్రాణం మీదికి వస్తుందని పుస్తకాల్లో ఉంది. నాకు ఆ లెక్క తెలుసు. అదే నాకు వచ్చిన కష్టం. మా ఆవిడకు తెలియదు. పదకొండు రోజులు ఆసుపత్రి వరండాలో ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. నేను ఆ లెక్క ఆమెకు చెప్పలేదు.

మూడో రోజు డాక్టరమ్మ అడిగింది, "మీ ఇంట్లో ఏ నీళ్ళు తాగుతారు? మీరు నీళ్ళ డిపార్ట్‌మెంటే కదా?" అని. ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది. ఇంటికి వెళ్ళి చూశాను. మా నల్లా పైపు రోడ్డు నుంచి ఇంట్లోకి వచ్చే చోట మోరీలోంచి వస్తుంది. చాలా ఊర్లలో అట్లాగే వేస్తారు, తవ్వే పని తక్కువ కదా. ఇనుప పైపు తుప్పు పట్టి ఒకచోట సూది బెజ్జమంత పడింది. నీళ్ళు వచ్చే గంట లోపలి నుంచి బయటికి కారుతుంది, అప్పుడు నష్టం లేదు. నీళ్ళు బంద్ అయ్యాక పైపు ఖాళీ అవుతూ మోరీ నీళ్ళను లోపలికి పీలుస్తుంది. మర్నాడు నల్లా తిప్పగానే మొదట వచ్చే బిందె అదే. క్లోరిన్ పరీక్ష చేశాను. నల్లా చివర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. మా నల్లాలో చుక్క రంగు రాలేదు. ఊరంతటి నల్లాల నమూనాలు నా ల్యాబుకు వస్తుండేవి. నా ఇంటి నల్లా నమూనా ఒక్కసారి కూడా తేలేదు.

మరి ఇంట్లో ఫిల్టరు లేదా అంటే, ఉంది. స్టీలు డబ్బా, రెండు తెల్ల క్యాండిళ్ళు. మా ఆవిడ చాలా శుభ్రం. వానాకాలం నీళ్ళు కాచి, చల్లార్చి, ఫిల్టరులో పోసేది. చాలా ఇండ్లలో చేసే పనే ఇది, కానీ వరస తప్పు. కాచిన నీళ్ళు క్రిములు లేని నీళ్ళు. వాటిని తీసుకెళ్ళి మురికి పట్టిన క్యాండిల్ మీద పోస్తే మళ్ళీ క్రిములు అంటుకుంటాయి. ముందు వడగట్టాలి, తర్వాత కాయాలి, కాచిన గిన్నెలోనే మూత పెట్టి చల్లార్చాలి. పైగా ఆ జూన్‌లో గ్యాసు బండ ఆలస్యమై కొన్నాళ్ళు కాయకుండానే ఫిల్టరులో పోసింది. క్యాండిల్ మట్టిని ఆపుతుంది, బ్యాక్టీరియాను చాలావరకు ఆపుతుంది. ఈ వైరస్ మైక్రానులో ముప్పయ్యో వంతు ఉంటుంది, దానికి క్యాండిల్ బెజ్జాలు దర్వాజాలంత. ఆమెను ఏమనగలను? "ఫిల్టరు ఉంది కదా" అని ఆమెకు చెప్పింది నేనే.

అమ్మాయి బయటపడింది. నెలలు నిండాక పాప పుట్టింది. ఆ పాప ఇప్పుడు ఇంజనీరింగు మొదటి సంవత్సరం, మూడో వరసలో కూర్చుని ఫోను చూసుకుంటోంది. తాతయ్య తన గురించి చెబుతున్నాడని ఇప్పుడే తలెత్తింది.

అప్పటి నుంచి మా ఇంట్లో జరిగేది చెబుతాను. పైపును మోరీలోంచి తీయించి పక్కగా వేరే దారిలో వేయించాను. అన్ని మిషిన్ల కన్నా ఇది ముఖ్యం. ఇంటికి వెళ్ళాక మీ పైపు ఎక్కడి నుంచి వస్తుందో ఒక్కసారి వంగి చూడండి. నల్లా వచ్చినప్పుడు మొదటి ఐదు నిమిషాల నీళ్ళు చెట్లకు, కడుగుళ్ళకు. నేరుగా మోటారు బిగించి నల్లా గుంజేవాళ్ళు ఇక్కడ కొందరున్నారు, నాకు తెలుసు. ఆ గుంజడం వల్ల మీ పైపులోకే కాదు, పక్కింటివాళ్ళ పైపులోకి కూడా మోరీ నీళ్ళు వస్తాయి. కోపం తెచ్చుకోకండి.

తర్వాత కాయడం. అడుగున చిన్న బుడగలు లేవగానే దించేస్తారు చాలామంది. అది కాగడం కాదు, నీళ్ళలోని గాలి బయటికి పోవడం. నీళ్ళంతా తెర్లాలి. తెర్లడం మొదలయ్యాక ఒక్క నిమిషం చాలు, ఇరవై నిమిషాలు కాచి గ్యాసు తగలెయ్యనక్కరలేదు. చప్పగా ఉంటాయి అంటారు, నిజమే, గాలి పోయింది కాబట్టి. రాత్రి కాచి పొద్దున తాగితే ఆ చప్పదనం చాలావరకు పోతుంది. పొయ్యి మీద కాచే తీరిక లేని ఇంట్లో యూవీ దీపం ఉన్న మామూలు ఫిల్టరు సరిపోతుంది. నీళ్ళు తేటగా ఉండాలి, దీపం కంపెనీ చెప్పిన గడువుకు మార్చాలి, కరెంటు లేనప్పుడు దాని నీళ్ళు నమ్మవద్దు. అంతే.

బ్లీచింగు వాసన గురించి కూడా చెప్పాలి. నల్లా నీళ్ళు వాసన వస్తున్నాయని ఫిర్యాదు చేస్తారు. నేనైతే ఆ వాసన వచ్చిన రోజు నిశ్చింతగా ఉంటాను. ఆ వాసన క్లోరిన్ ఇంకా మిగిలి ఉందని, దారిలో ఏదైనా కలిసినా పని చేస్తుందని చెబుతుంది. బిందెలో పట్టి కొన్ని గంటలు ఉంచితే వాసన పోతుంది. సంపులు, పైన ట్యాంకులు కడగక ఏండ్లు దాటినవాళ్ళు ముందు కడగండి. వరద వచ్చినప్పుడో, ఊర్లో వాంతులు విరేచనాలు ఉన్నప్పుడో వెయ్యి లీటర్లకు సుమారు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగు పౌడరు ఒక మగ్గులో కలిపి, సున్నం అడుక్కు దిగాక పై తేట మాత్రం పోసి, అరగంట తర్వాత వాడుకోండి. పౌడరు మూత గట్టిగా ఉన్న డబ్బాలో ఉండాలి. గాలి తగిలితే దాని పస పోయి ఉత్త సున్నం మిగులుతుంది. బురద నీళ్ళలో వేస్తే క్లోరిన్ బురదకే సరిపోతుంది, క్రిములకు మిగలదు. ముందు పటికతో తేర్చుకోవాలి. మా నాయనమ్మ కుండ లోపల చిల్లగింజ అరగదీసేది, ఒండ్రు నీళ్ళు పొద్దటికి తేటబడేవి. అది కూడా అదే పని. ఆమె కెమిస్ట్రీ చదవలేదు. కాని తేటబడ్డంత మాత్రాన క్రిములు పోయినట్టు కాదు, అది ఆమెకూ తెలియదు.

రాగి చెంబు గురించి అడుగుతారని తెలుసు. రాత్రంతా నిలవ ఉంచితే బ్యాక్టీరియా తగ్గుతుంది, నిజం. ఫ్లోరైడు తగ్గదు, ఉప్పదనం తగ్గదు. ఉన్నవాళ్ళు వాడుకోండి, లేనివాళ్ళు ఆన్‌లైనులో రెండు వేలు పెట్టి కొనకండి.

ఇంత చేసినా చివరి అడుగులో అంతా పోగొట్టేది చెయ్యి. రంజన్ మూత తీసి, గ్లాసు పట్టుకున్న వేళ్ళు నీళ్ళలో ముంచి తీస్తాం. మిషిన్‌కు పదిహేను వేలు, ఆ వేళ్ళకు సబ్బు లేదు. పొడుగు కాడ ఉన్న గరిటె పెట్టుకోండి, లేదంటే నల్లా ఉన్న రంజన్ కొనుక్కోండి. ఇరవై లీటర్ల క్యాన్లకు కూడా ఇదే మాట. లోపలి నీళ్ళు ఆర్వోవే కావచ్చు, క్యానును ఎప్పుడు కడిగారో ఎవరికి తెలుసు? ఆ నీళ్ళలో క్లోరిన్ కూడా మిగిలి ఉండదు.

ఇక ఏ మిషిన్ కొనాలి అన్న ప్రశ్న. ముందు నీళ్ళు పరీక్ష చేయించండి. మిషిన్ అమ్మేవాడి చేత కాదు. జిల్లా నీటి పరీక్షా కేంద్రంలో ఇవ్వండి, ఫ్లోరైడు, నైట్రేటు, కాఠిన్యం, బ్యాక్టీరియా అన్నీ చూస్తారు. లవణాలు ఎక్కువని తేలితేనే ఆర్వో. లేకపోతే పొయ్యి, గిన్నె, మూత చాలు. "ఇన్నేండ్లు మేం తాగలేదా" అని మా బ్యాచ్ వాళ్ళు వెనక నుంచి అంటున్నారు, వినబడింది. తాగాం. ఫోటోలో చూసుకోండి.

నేను నిన్న పొద్దున్నే బడికి వచ్చి ఒక పని చేశాను. హెడ్మాస్టరు గారి అనుమతి తీసుకునే చేశాను. మా ల్యాబుల్లో హెచ్‌టూఎస్ బాటిల్ అని చిన్న సీసా వాడతాం. అందులో మందు పూసిన కాగితం ఉంటుంది. నీళ్ళు పోసి మామూలు గదిలోనే ఉంచితే చాలు, నీళ్ళలో మలం కలిసి ఉంటే ఒకటి రెండు రోజుల్లో నల్లబడుతుంది. వైరస్‌ను అది నేరుగా చూపదు గాని, మోరీ కలిసిందా లేదా అన్నది చెబుతుంది. 2006లో మా ఇంటి సీసా తెల్లవారేసరికే బొగ్గులాగా అయింది. ఇక్కడ రెండు సీసాలు నింపాను. ఒకటి గేటు దగ్గర నేరుగా వచ్చే నల్లా. రెండోది మధ్యాహ్న భోజనం వండే చోట, పైన ట్యాంకు నుంచి వచ్చే నల్లా. రెండూ ఆఫీసు రూములో అలమారా మీద, మా గ్రూపు ఫోటో కిందనే ఉన్నాయి. ఇప్పుడు సభ కాగానే వెళ్ళి చూద్దాం. ఎవరూ ముట్టుకోవద్దు.

(అచ్చుకు ఇచ్చేటప్పుడు చేర్చింది: గేటు దగ్గరి నల్లా సీసా రెండో రోజుకు కూడా తేటగానే ఉంది. ట్యాంకు సీసా ఆ సాయంత్రానికి నల్లబడింది. మేడ ఎక్కి చూస్తే ట్యాంకుకు మూత లేదు, లోపల పావురాల ఈకలు ఉన్నాయి. మర్నాడు 1988 బ్యాచ్ తమ్ముళ్ళు దిగి కడిగారు, అరగంటలో నా చేతనే బ్లీచింగు వేయించారు. కొత్త మూత ఎవరు కొనాలన్న దాని మీద 1988 వాళ్ళకు, 1992 వాళ్ళకు ఇంకా మాట తెగలేదు. అంతదాకా సైన్సు సారు తన ఇంటి నుంచి పాత రేకు, నాలుగు ఇటుకలు పంపారు. వారం తర్వాత మళ్ళీ సీసా పెట్టాను. ఈసారి నల్లబడలేదు.)